కసాండ్రా ముందు మెమరీలో రాసుకుంటే, కరెంటు పోయినప్పుడు డేటా ఏమవుతుంది?

అమలాపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "కసాండ్రా లాంటి డేటాబేస్‌లు మనం పంపిన డేటాని మెమరీలో పెట్టుకుని 'రాసేశాను' అని చెప్పేస్తాయట, డిస్క్‌లోకి తర్వాతెప్పుడో వెళ్తుందట. మధ్యలో కరెంటు పోతే పరిస్థితి ఏంటి? నేరుగా డిస్క్‌లోనే రాసేస్తే సరిపోదా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంట్లో ఒక్క డెస్క్‌టాప్ మీద నడుపుతున్నాను, మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కదా, టెన్షన్‌గా ఉంది."

ముందు సూటిగా జవాబు చెప్పేస్తానండి. మెమరీలో మాత్రమే పెట్టుకోదు. మీరు పంపిన ప్రతి రాత రెండు చోట్లకి వెళ్తుంది. ముందు కమిట్ లాగ్ అనే ఫైలు చివర ఒక వరస చేరుతుంది, ఆ తర్వాత మెమరీలో ఉండే మెమ్‌టేబుల్‌లోకి వెళ్తుంది. మెషిన్ పడిపోతే మెమ్‌టేబుల్ పోతుంది కానీ, తిరిగి లేచినప్పుడు కమిట్ లాగ్ చదివి మళ్లీ కట్టుకుంటుంది. కాబట్టి "మెమరీలో ఉంది కాబట్టి పోతుంది" అన్నది నిజం కాదు. కానీ మీ భయంలో కొంత నిజం ఉంది, అది వేరే చోట ఉంది. కసాండ్రా మామూలు సెట్టింగ్‌లో ఆ కమిట్ లాగ్‌ని నిజంగా డిస్క్ మీదికి దింపేది 10 సెకన్లకి ఒకసారి. ఒక్క నోడ్ (అంటే డేటాబేస్ నడిచే ఒక మెషిన్) మీద నడుపుతూ కరెంటు పోతే, చివరి 10 సెకన్ల వరకు రాసినవి, "సరే" అని జవాబు వచ్చినవి కూడా, పోవచ్చు. దీని గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మాకు ఒకసారి జరిగింది.

ముందు ఈ ఏర్పాటు ఎందుకో చూద్దాం. మా మావయ్య అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేసేవాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ కొట్లోనే కూర్చునేవాణ్ణి. కాయల బండి వచ్చిన వెంటనే చిట్టాలో ఒక వరస రాసేవాడు: టైము, రైతు పేరు, ఎన్ని కాయలు, ఎంత ధర. బండి తర్వాత బండి, వచ్చింది వచ్చినట్టే, పేర్ల వరస ఏమీ ఉండదు. రాశాక అదే లెక్క ఒక చీటీ మీద వేసి, పక్కనున్న గళ్ల చెక్కపెట్టెలో ఆ రైతు పేరున్న గడిలో పడేసేవాడు. ఎవరైనా వచ్చి "నాది ఎంతయింది బాబాయ్" అంటే చిట్టా తిరగేసేవాడు కాదు, ఆ గడిలో చెయ్యి పెట్టి చీటీలు తీసి చెప్పేవాడు. పెట్టె నిండాక, మామూలుగా రాత్రి కొట్టు కట్టే ముందు, చీటీలన్నీ పేర్ల వరసలో ఒక కొత్త పుస్తకంలోకి ఎక్కించి పెట్టె ఖాళీ చేసేవాడు. అలా పోగైన పుస్తకాలని నెలాఖరుకి కలిపి పెద్ద ఆవర్జాలో ఒకే చోటికి తెచ్చేవాడు.

చిట్టా అంటే కమిట్ లాగ్, గళ్ల పెట్టె అంటే మెమ్‌టేబుల్, రాత్రి రాసే పుస్తకం ఎస్‌ఎస్‌టేబుల్ (డిస్క్ మీద వరసగా ఉండే ఫైలు), నెలాఖరు కలపడం కంపాక్షన్. ఈ పద్ధతిని ఎల్‌ఎస్‌ఎం ట్రీ అంటారు, 1996లో వచ్చిన ఒక పరిశోధన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. దాన్ని పెద్ద ఎత్తున వాడి చూపించింది గూగుల్ వాళ్ల బిగ్‌టేబుల్ (2006లో దాని పత్రం వచ్చింది), కసాండ్రా ఫేస్‌బుక్‌లో పుట్టి 2008లో బయటికి వచ్చింది. హెచ్‌బేస్‌లో మెమ్‌టేబుల్‌ని మెమ్‌స్టోర్ అంటారు, రాక్స్‌డీబీలో మెమ్‌టేబులే. పేర్లు మారతాయి, పని ఇదే.

ఇప్పుడు "నేరుగా డిస్క్‌లోనే ఎందుకు రాయకూడదు" అన్నదానికి. రాయొచ్చు, అయితే ఎక్కడ రాయాలి అన్నదే సమస్య. చదివేటప్పుడు వెంటనే దొరకాలంటే డేటా కీ (రైతు పేరు లాంటి గుర్తు) వరసలో ఉండాలి. వచ్చేది మాత్రం ఆ వరసలో రాదు. ఒకటి భీమవరం చెరువుది, తర్వాతది రాజోలుది, ఆ తర్వాత మళ్లీ భీమవరం. ప్రతిదాన్నీ దాని చోటు వెతికి దూర్చాలంటే డిస్క్ మీద అటూ ఇటూ పరిగెత్తాలి. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, హెడ్ కదిలే టైము దానికి అదనం. అంటే అటూ ఇటూ ఎగిరే రాతలు సెకనుకి వంద, నూట యాభై అయితే గొప్ప. అదే డిస్క్ మీద ఫైలు చివర రాసుకుంటూ పోతే సెకనుకి వంద ఎంబీ పైనే ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు కానీ, అక్కడ చిన్న ముక్క మార్చాలన్నా చెరిపేది పెద్ద బ్లాకుగానే కాబట్టి, చిన్న చిన్న దిద్దుబాట్లు దానికీ పడవు. అందుకని రాయడం వచ్చిన వరసలో లాగ్‌కి, వరస పెట్టడం మెమరీలో, అక్కడ పోగయ్యాక ఒక్కసారిగా వరసగా డిస్క్‌కి. మెమరీ అక్కడ ఉన్నది డేటాని దాచడానికి కాదు, వరస పెట్టడానికి. ఇది ఒక్కటి బుర్రలో ఉంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మెమ్‌టేబుల్ ఎప్పుడు డిస్క్‌కి దిగుతుంది? దీన్నే ఫ్లష్ అంటారు. మెమ్‌టేబుళ్లన్నిటికీ కలిపి మామూలుగా హీప్‌లో (జావా ప్రాసెస్‌కి ఇచ్చిన మెమరీలో) నాలుగో వంతు ఇస్తుంది కసాండ్రా. అందులో ఒక హద్దు దాటగానే అన్నిటికన్నా పెద్ద మెమ్‌టేబుల్‌ని ఎంచుకుని ఫ్లష్ చేస్తుంది. ఫ్లష్ జరుగుతున్నంతసేపూ రాతలు ఆగవు. కొత్త ఖాళీ మెమ్‌టేబుల్ తెరిచి అందులోకి తీసుకుంటుంది, పాతది చదవడానికి మాత్రమే ఉంటుంది. రెండో కారణం కమిట్ లాగ్ నిండిపోవడం. అది 32 ఎంబీ ముక్కలుగా ఉంటుంది, ఒక ముక్కలో ఉన్న రాతలన్నీ ఎస్‌ఎస్‌టేబుల్స్‌లోకి చేరితేనే దాన్ని తీసేయగలదు. మూడోది మనమే నోడ్‌టూల్ (కసాండ్రాతో వచ్చే కమాండ్ పనిముట్టు) ఫ్లష్ అని చెప్పడం.

రెండో కారణం దగ్గర కాస్త ఆగాలి, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. ఎప్పుడో గాని రాత రాని ఒక చిన్న టేబుల్ ఉందనుకోండి. దాని ఒక్క వరస ఒక పాత ముక్కలో ఇరుక్కుంటే ఆ 32 ఎంబీ ముక్క మొత్తం కదలదు. లాగ్ మొత్తం హద్దుకి చేరినప్పుడు డేటాబేస్ ఆ చిన్న టేబుళ్లని బలవంతంగా ఫ్లష్ చేస్తుంది, కొన్ని కేబీల ఎస్‌ఎస్‌టేబుల్స్ పుడతాయి. ఒక టీములో ఊరికొక టేబుల్ చొప్పున పెట్టారు, ఆచంట, పాలకొల్లు, మొగల్తూరు అంటూ నాలుగు వందల పైచిలుకు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, నన్ను పిలిచేనాటికి ఆ నోడ్‌లు పొద్దస్తమానం కంపాక్షన్ తప్ప వేరే పని చేయడం లేదు. ఊరిని టేబుల్ పేరులోంచి తీసి పార్టిషన్ కీలో (వరస ఏ నోడ్‌కి వెళ్లాలో తేల్చే కీలో) పెట్టాం, ఒక్క టేబుల్ అయింది, డిస్క్ నెమ్మదించింది. మీ ప్రాజెక్టులో ఈ పని మాత్రం చేయకండి.

చదవడం సంగతి త్వరగా చెప్పేస్తాను. రాసిన ఎస్‌ఎస్‌టేబుల్‌ని మళ్లీ ముట్టుకోదు. అందుకే ఒకే వరస కొత్త రూపం మెమ్‌టేబుల్‌లో, పాతది ఒక ఫైల్లో, ఇంకా పాతది వేరే ఫైల్లో ఉండొచ్చు. చదివేటప్పుడు అన్నీ చూసి టైమ్‌స్టాంప్ ప్రకారం కొత్తదాన్ని తీసుకుంటుంది. అన్ని ఫైళ్లూ తెరవకుండా, ప్రతి ఫైలుకీ ఉండే బ్లూమ్ ఫిల్టర్ అనే చిన్న సూచిక "ఇందులో లేదు" అని ముందే చెప్పేస్తుంది. తీసేయడం కూడా ఒక రాతే, టూంబ్‌స్టోన్ అంటారు. అది మామూలుగా కనీసం 10 రోజులుంటుంది.

ఇక అసలు విషయం, ఆ 10 సెకన్లు.

ఒక ప్రోగ్రాం ఫైల్లో రాస్తే అది డిస్క్ మీదికి వెళ్లిపోయిందని అనుకుంటాం. వెళ్లదండి. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ పేజీ క్యాష్‌లో, అంటే మళ్లీ మెమరీలోనే, ఉంటుంది. ఎఫ్‌సింక్ అని గట్టిగా అడిగినప్పుడే డిస్క్‌కి దింపి "అయింది" అంటుంది. కసాండ్రాలో కమిట్‌లాగ్ సింక్ అనే సెట్టింగ్ ఉంది, మామూలుగా అది పీరియాడిక్, 10,000 మిల్లీసెకన్లు. అంటే రాత రాగానే లాగ్‌కి చేర్చి జవాబు ఇచ్చేస్తుంది, ఎఫ్‌సింక్ మాత్రం 10 సెకన్లకోసారి. ఇందులో రెండు రకాల పడిపోవడాలని వేరుగా చూడాలి. జావా ప్రాసెస్ ఒక్కటే చచ్చిపోతే (మెమరీ చాలక ఓఎస్ దాన్ని చంపేయడం మనకి రోజూ కనపడేదే) కమిట్ లాగ్‌ని కంప్రెస్ చేయకుండా వాడుతుంటే రాసింది పేజీ క్యాష్‌లో భద్రంగా ఉంటుంది, ఓఎస్ బతికే ఉంది కాబట్టి అది డిస్క్‌కి చేరుతుంది. కరెంటే పోతే పేజీ క్యాష్ కూడా పోతుంది. చాలామంది మొదటిది చేసి చూసి, డేటా పోలేదని ధైర్యపడి, రెండోదానికి సిద్ధం కారు.

మరి ఇంత పేరున్న డేటాబేస్ ఇలా ఎందుకు ఒప్పుకుంది అంటే, దాని లెక్క ఒక నోడ్ మీద లేదు. మూడు రెప్లికాలు (ఒకే డేటాకి మూడు నోడ్‌లలో కాపీలు) పెట్టి క్వోరమ్‌తో (సగానికి పైగా ఒప్పుకోవాలన్న నియమంతో) రాస్తే కనీసం రెండు నోడ్‌లు "సరే" అన్నాకే మీకు జవాబు వస్తుంది. రెండు మెషిన్లకీ ఒకే క్షణంలో కరెంటు పోదు అన్న నమ్మకం మీద కట్టారు. ఆ నమ్మకం నిజం చేయాల్సిన బాధ్యత మాత్రం మనది.

మేము చేయలేదు. భీమవరంలో రొయ్యల చెరువుల లెక్కలు చూసే ఒక చిన్న సంస్థలో పనిచేసేటప్పటి సంగతి. చెరువుల్లో ఆక్సిజన్ సెన్సార్ల రీడింగులు, మేత లెక్క, పట్టుబడి రోజు కాటా తూకాలు అన్నీ కసాండ్రాలోకే వచ్చేవి. మూడు నోడ్‌లు, మూడు రెప్లికాలు, క్వోరమ్, కాగితం మీద అంతా సక్రమం. కానీ మూడూ ఆఫీసులో ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద. దాని బ్యాటరీలు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఒక వానాకాలం తెల్లవారుజామున నాలుగున్నరకి కరెంటు పోయింది, యూపీఎస్ నిలబడలేదు, జనరేటర్ అందుకునేలోపు మూడూ ఒక్కసారే పడిపోయాయి. మళ్లీ లేచాయి, లాగ్ చదువుకున్నాయి, ఎక్కడా ఒక్క ఎర్ర వరస లేదు. నేను కాఫీ తాగి వేరే పనిలో పడ్డాను.

పదింటికి ఆకివీడు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆయన పుస్తకంలో 61 ట్రేలు, మా బిల్లులో 58. గట్టు మీద సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి ఫోన్ తూకాలని దాచుకుని, సిగ్నల్ తగలగానే ఒక్కసారి పంపేది. అలా ఆ మూడు ట్రేలూ కలిసి వచ్చాయి, సర్వర్ "సరే" అంది, ఫోన్ ఆకుపచ్చ టిక్కు పెట్టి తన కాపీ తుడిచేసింది. కొన్ని సెకన్లలోనే కరెంటు పోయింది. మూడు నోడ్‌ల సింక్ టైములూ వేర్వేరే. ఏ ఒక్కటి ఆలోపు డిస్క్‌కి దింపి ఉన్నా రిపేర్ (కాపీలని పోల్చి సరిచేసే పని) నడిపితే మిగతా రెండింటికీ చేరిపోయేది. మూడింటిలోనూ దిగలేదు. ఆ రోజు సాయంత్రం వెళ్లి ఆయన పుస్తకం చూశాను. తడి చేత్తో బాల్‌పెన్‌తో రాసిన అంకెలు, 59, 60, 61 పక్కన 24.8, 25.1, 23.6 కేజీలు, పేజీ మీద ఒక మూల రొయ్య మీసం అంటుకుని ఉంది. దాన్ని బట్టే బిల్లు సరిచేశాం. ఆయన రాసుకోకపోతే 73 కేజీలన్నర రొయ్యలు ఆయన కష్టంలోంచి మా చేతుల మీదుగా మాయమైపోయేవి, మాకు తెలిసేది కూడా కాదు.

అప్పుడు మావయ్య చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. 1996 నవంబర్ 6 తుఫానులో ఆ కొబ్బరి కొట్టు పైకప్పు లేచిపోయింది. గళ్ల పెట్టె తడిసింది, చిట్టా కూడా తడిసి సిరా అలుక్కుపోయింది, ఎందుకంటే రెండూ ఒకే కొట్లో ఉన్నాయి. లెక్కలు మళ్లీ కట్టింది రైతుల ఇళ్లలో మిగిలిన నకలు చీటీలతోనట.

ఆ తర్వాత మేము మార్చినవి చెబుతాను. మొదటిది, మూడు నోడ్‌లని మూడు చోట్లకి, మూడు వేర్వేరు కరెంటు దారుల మీదికి మార్చాం, ఏ నోడ్ ఎక్కడుందో ర్యాక్ పేర్లతో డేటాబేస్‌కి చెప్పాం. రాతకి కొన్ని మిల్లీసెకన్లు పెరిగాయి, ఎవరికీ తేడా తెలియలేదు. రెండోది, సింక్‌ని పీరియాడిక్ నుంచి గ్రూప్‌కి మార్చాం (ఇది 4.0 నుంచి ఉంది). కాసేపు వచ్చిన రాతలన్నీ కలిపి ఒక్క ఎఫ్‌సింక్ చేసి, అది అయ్యాకే అందరికీ జవాబు ఇస్తుంది. బ్యాచ్ అనేది కూడా జవాబు ముందు ఎఫ్‌సింక్ చేస్తుంది, ఇంకా కచ్చితం, డిస్క్ నెమ్మదైతే ఇంకా భారం. గుర్తుంచుకోండి, ఇది నోడ్ మొత్తానికి ఒకటే సెట్టింగ్, టేబుల్‌కొకటి పెట్టలేం. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: ఫోన్ తన కాపీని ఆకుపచ్చ టిక్కు పడగానే తుడవదు, రెండు రోజులు ఉంచుకుని రాత్రి ఒకసారి మళ్లీ పంపుతుంది. ప్రతి ట్రేకి ఫోన్‌లోనే ఒక ఐడీ, అదే ప్రైమరీ కీ. కసాండ్రాలో అదే కీతో అవే విలువలు మళ్లీ రాస్తే వరస రెండు కాదు, ఒకటే ఉంటుంది. కాబట్టి పదిసార్లు పంపినా నష్టం లేదు.

ఆక్సిజన్ రీడింగులకి ఇంత హైరానా అక్కర్లేదని నా అభిప్రాయం. పది సెకన్లవి పోతే వెనకే ఇంకోటి వస్తుంది. ఏరేటర్ వేయమని చెప్పే అలారం డేటాబేస్ మీద ఆధారపడకుండా చెరువు దగ్గర పెట్టె నుంచే మోగాలి, అది వేరే మాట. తూకం మాత్రం మళ్లీ రాదు. రొయ్యలు అప్పటికే ఐసులోకి వెళ్లిపోతాయి.

రెండు చిన్న హెచ్చరికలు. కీస్పేస్‌కి (టేబుళ్లని కలిపి ఉంచే గుంపుకి) డ్యూరబుల్ రైట్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని ఫాల్స్ పెడితే కమిట్ లాగ్ వాడటమే మానేస్తుంది. వేగం పెరిగిందని ఎవరో రాస్తే చూసి పెట్టకండి, అప్పుడు మీరు భయపడింది అక్షరాలా నిజమవుతుంది. ఇక ఇంట్లో వాడే మామూలు ఎస్‌ఎస్‌డీలకి లోపల సొంత క్యాష్ ఉంటుంది. కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే కెపాసిటర్లు ఉన్నవి సర్వర్ల కోసం చేసినవాటిలోనే ఎక్కువ. కొన్ని చవక డిస్క్‌లు ఎఫ్‌సింక్‌కి "అయింది" అని చెప్పినా నమ్మడానికి లేదు.

మీ ప్రాజెక్టుకి వస్తే, ఒక్క నోడ్, రోజూ పోయే కరెంటు, రాతలు తక్కువ. సందేహం లేకుండా బ్యాచ్ పెట్టండి, స్పీడు గురించి ఆలోచించకండి. మీరే మెషిన్ ఆపేటప్పుడు ముందు నోడ్‌టూల్ డ్రెయిన్ ఇవ్వండి, మెమ్‌టేబుళ్లన్నీ డిస్క్‌కి దిగిపోతాయి, మళ్లీ లేచేటప్పుడు లాగ్ చదవాల్సిన పని ఉండదు. తర్వాత ఒక పరీక్ష చేయండి. వేరే ల్యాప్‌టాప్ నుంచి 1, 2, 3 అని అంకెలు వరసగా రాస్తూ, "సరే" వచ్చిన ప్రతి అంకెనీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైల్లో వేసుకోండి. అలా ఒక నిమిషం నడిచాక డెస్క్‌టాప్ ప్లగ్ పీకేయండి. ప్రాసెస్‌ని కిల్ చేయడం కాదు, ప్లగ్ పీకాలి, మీ సబ్మిషన్ ఫైళ్లు అందులో ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేసుకుని. లేపాక ల్యాప్‌టాప్ ఫైల్లో ఉన్న చివరి అంకె డేటాబేస్‌లో ఉందో లేదో చూడండి. ఒకసారి పీరియాడిక్‌తో, ఒకసారి బ్యాచ్‌తో చేయండి. బ్యాచ్‌లోనూ అంకెలు తగ్గితే మీ డిస్క్ మోడల్ ఏదో ఇక్కడ రాయండి, సెట్టింగ్స్ ఫైలు కూడా పెట్టండి, చూసి చెబుతాను.